అరువు చెవులు

కీలుంగ్‌లో వాన పడని రోజుకి
మా ఇంటి క్యాలెండర్‌లో ఎర్ర సున్నా చుడతాం.
ఈ నెలలో ఇప్పటికి రెండే సున్నాలు.
ఇవాళా కిటికీ రేకు మీద చిటపట, చిటపట.
అది ఆ-కోంగ్‌కి వినపడదు.

మా తాత ముప్పై ఒక్క ఏళ్లు
ఓడల కడుపుల్లో దూరి తుప్పు కొట్టాడు.
ఇనుము మీద ఇనుము పడ్డ ప్రతి దెబ్బా
చెవిలో పిసరంత తవ్వుకుపోయింది.
ఇప్పుడు తలుపు గంట వినడు.
అమ్మమ్మ సణుగుడూ వినడు,
అది మాత్రం అదృష్టమే అంటాడు.
మూకుడు మాట వినపడకపోవడం ఒక్కటే
ఆయనకి లోటు.

అందుకని గురువారం గురువారం
నేను స్టూలెక్కి ఆయన చెవులవుతాను.

ముందు కోత.
క్యాబేజీని చేత్తోనే చించాలట,
కత్తి తగిలితే అలుగుతుందట.
క్యారెట్టు అగ్గిపుల్లలంత.
ఎండు పుట్టగొడుగులు నానిన నీళ్లు
పారబొయ్యకుండా పక్కన.
ఉల్లికాడల తెలుపు ఒక గిన్నెలో, పచ్చ ఇంకో గిన్నెలో.
"మొక్క ఒకటే, వయసులు రెండు" అంటాడు.
ఉడికిన నూడుల్స్ జల్లెడలో
తలంటుకున్న పిల్లల్లా
ఆవిర్లు కక్కుతూ కూచున్నాయి.

ఆరూ నలభై.
ఏడింటికి అమ్మ నిద్ర లేస్తుంది.
మా అమ్మ రాత్రి మనిషి.
పదకొండుకి రబ్బరు బూట్లు తొడుక్కుని
చేపల వేలంపాటకు వెళ్తుంది.
అంతమంది మగగొంతుల మీంచి
ధర కేక వెయ్యడం ఆమె ఉద్యోగం.
మేం బడికి బయల్దేరే వేళకి
ఐసు వాసనతో వచ్చి పడుకుంటుంది.
ఈ నూడుల్స్ ఆమెకి పొద్దుటి ఫలహారం,
మాకు రాత్రి భోజనం.

పొయ్యి వెలిగింది.
నూనె పోసి తాత నా వంక చూశాడు.
అరచెయ్యి అడ్డం పెట్టాను: ఆగు.
ఇంకా గుసగుసే.
వెల్లుల్లి రెబ్బ ఒకటి వేశాడు.
సుయ్!
బొటనవేలు పైకెత్తాను.

ఇక నాలుగే నిమిషాలు.
క్యారెట్టు చుర్రుమంది.
పుట్టగొడుగులు బుస్సుమన్నాయి.
క్యాబేజీ పడగానే సంతంతా ఒక్కసారి అరిచినట్టు రొద,
మెల్లిగా సద్దుమణిగి, తీపి వాసన.
నూడుల్స్, అంచులెంట సోయా సాస్.
మూకుడు ఎగరేస్తుంటే
ఆయన భుజాలు పాత ఓడ మీదే ఉన్నట్టున్నాయి.

సరిగ్గా అప్పుడే మా తమ్ముడు ఖై-వెయ్
అమ్మ బూటు ఒకదాంట్లోనే రెండు కాళ్లూ పెట్టి
దబ్బున పడ్డాడు.
అటు తిరిగాను.
ఒక్క క్షణం.

మూకుడు గొంతు మారిపోయింది.
తడి అరుపు పోయి
పొడి దగ్గు.
నేను చెయ్యెత్తేలోపే
అడుగున ఒక పొర నల్లబడింది.
తాత ముక్కుతో విన్నాడు.
పుట్టగొడుగుల నీళ్లు వొంపాడు.
తెల్లటి ఆవిరి మా ఇద్దరినీ మింగేసింది.

నాకు ఏడుపొచ్చింది.
ఆయన మంట ఆర్పి, అరచెయ్యి చాపి,
"ఎలా అంది?" అన్నాడు.
మాడేటప్పటి చప్పుడు
పదకొండేళ్లయిందట విని.
నాకు మాట దొరకలేదు.
ఆ బొబ్బర్ల చేతి మీద
గోటితో గర, గరగర, గర అని గీశాను.
కళ్లు మూసుకున్నాడు.
"ఓహో, అదా" అన్నాడు,
పాత నేస్తం పేరు చెప్పినట్టు.

అమ్మ జుట్టు ముడేసుకుంటూ వచ్చి
మాడిన పొర తన గిన్నెలోకే గీకేసుకుంది.
దానిమీద నల్ల వెనిగర్ ధారగా.
అమ్మమ్మ "ఉప్పు" అంది, తాత వినలేదు.
ఖై-వెయ్ గిన్నె అందరికంటే ముందే ఖాళీ.
క్యారెట్లతో సహా.
అందరం మెచ్చుకున్నాం.

పదకొండుకి
అమ్మ ఎడమ బూటులో కాలు పెట్టి
ఆగింది.
తడిగా, మెత్తగా,
ఏడో ఎనిమిదో క్యారెట్టు పుల్లలు.

ఆ కేక
ఆ-కోంగ్‌కి కూడా వినపడింది.